ఓలాఫ్‌ని కాదు, థియేటర్లో కూర్చోబెట్టినోళ్ళని అనండి

2017 థాంక్స్‌గివింగ్ సెలవల్లో "కోకో" సినిమాకి వెళ్ళాం. నేను, మా ఆయన, కిండర్‌గార్టెన్‌లో ఉన్న మా అమ్మాయి, ఇండియా నుంచి వచ్చి వారం కూడా కాని మా అత్తయ్య. కార్లో అత్తయ్యకి కథ చెప్తూ తీసుకెళ్ళా, మెక్సికోలో పోయిన పెద్దవాళ్ళు ఏడాదికోసారి ఇంటికొస్తారంట అత్తయ్యా, ఫోటోలు పెట్టి వాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి పెడతారు, మనం సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకోవడం లాంటిదే, కాకపోతే సినిమాలో అందరూ అస్థిపంజరాల్లా కనిపిస్తారు, భయపడకండి అని. లైట్లు ఆరాయి, ట్రైలర్లు అయ్యాయి, తీరా చూస్తే తెర మీద మంచు. మంచులో కోట, కోటలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, క్యారెట్ ముక్కున్న మంచుబొమ్మ, ఓ పాట. సరే అయిపోతుందిలే అనుకున్నాం. ఇంకో పాట వచ్చింది. అత్తయ్య నా వైపు వంగి "అస్థిపంజరాలన్నావు కదమ్మా, ఈ మంచుముద్దేంటి?" అంది. మా ఆయన టికెట్ తీసి ఫోన్ వెలుతురులో హాల్ నంబర్ చూసుకున్నాడు. వెనక వరసలో ఎవరో అందరికీ వినపడేలా నిట్టూర్చారు. మా అమ్మాయి ఒక్కత్తే, చేతిలో పాప్‌కార్న్ చేతిలోనే ఉండిపోయి, నోరు తెరుచుకుని చూస్తోంది.

ఆ మంచుముద్ద కథ పేరు "ఓలాఫ్స్ ఫ్రోజెన్ అడ్వెంచర్", డిస్నీ వాళ్ళ "ఫ్రోజెన్" సినిమాలో ఉన్న ఓలాఫ్ అనే మంచుబొమ్మ మీద తీసిన బుల్లి కథ. 21 నిమిషాలు. ఆ పది పదిహేను రోజులూ ఇంటర్నెట్‌లో దాన్ని తిట్టని పాపాన పోయినవాళ్ళు లేరు, అరగంట లేటుగా వెళ్ళండి హాయిగా ఉంటుంది అని ఒకరికొకరు సలహాలిచ్చుకున్నారు. మెక్సికోలో అయితే మరీను. అక్కడ వాళ్ళ పండగకి ముందే, అక్టోబర్ 27 నే, కోకో రిలీజైంది, జనం ఎగబడి వెళ్ళారు, వెళ్ళి ఈ మంచు చూసి ఎంత గొడవ చేశారంటే దాదాపు వారంలోనే అక్కడి థియేటర్లు దీన్ని పీకేశాయి. అమెరికాలో కూడా డిసెంబర్ రెండో వారానికల్లా కోకో ముందు నుంచి తప్పించారు, మొదట్నుంచీ కొన్నాళ్ళకే అనుకున్నాం అని డిస్నీ చెప్పుకుంది. చెప్పుకోనివ్వండి.

నేను చెప్పాలనుకున్నది ఏంటంటే, అది మంచి స్పెషల్. మంచి టీవీ స్పెషల్. సినిమాల్లోంచి పుట్టిన పండగ స్పెషల్స్ నేను చూసినవాటిలో, పండగ గురించి నిజంగా ఏదో చెప్పడానికి ప్రయత్నించినవి రెండే, అందులో ఇదొకటి. దానికి పట్టిన గతి చూస్తే నాకు పెళ్ళింట్లో తద్దినం మంత్రాలు చదివించిన పంతులుగారు గుర్తొస్తాడు, పాపం మంత్రాల్లో తప్పేం లేదు.

ఈ టీవీ స్పెషల్ అనే సరుకేంటో కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ పుట్టి పెరగని మనకి అది వెంటనే అర్థం కాదు, నాకూ చాలా ఏళ్ళు పట్టింది. అమెరికాలో 1964 లో ఎన్‌బీసీలో ఎర్రముక్కు దుప్పి రుడాల్ఫ్ కథ, 1965 లో సీబీఎస్‌లో చార్లీ బ్రౌన్ క్రిస్మస్, 1966 లో గ్రించ్, ఇలా వరసగా మూడేళ్ళు మూడు కార్టూన్లు వచ్చి అక్కడే పాతుకుపోయాయి. ఏటా డిసెంబర్‌లో అవే మళ్ళీ మళ్ళీ వేశారు, వేసినప్పుడల్లా జనం చూశారు. వీటిల్లో చాలావాటికి టీవీలో అరగంట స్లాట్, అందులో ఈ కాలంలో యాడ్స్ పోగా మిగిలేది ఓ ఇరవయ్యొకటి, ఇరవైరెండు నిమిషాలు. ఆ కొలతకే కథ కుట్టాలి. ప్రతి యాడ్ బ్రేక్‌కి ముందు చిన్న ముడి వెయ్యాలి, బ్రేక్ అయ్యాక విప్పాలి. చూసేవాడు సోఫాలో పడుకుని ఉంటాడు, ఒకరు వంటింట్లో ఉంటారు, మధ్యలో ఫోన్ వస్తుంది, పిల్లలు కింద కార్పెట్ మీద దొర్లుతుంటారు. మన పండగ పొద్దున టీవీలో వచ్చే స్పెషల్ ప్రోగ్రాం ఉంటుంది చూడండి, గారెలు వేస్తూ ఓ కన్ను అటు వేసి ఉంచేది, అలాంటిదన్నమాట. దాన్ని తీసుకెళ్ళి సినిమా హాల్లో చీకట్లో తలుపులేసి చూడమంటే మనమైనా తిడతాం.

ఓలాఫ్ కూడా మొదట అలాగే పుట్టాడు. ఏబీసీ చానల్ కోసం తీస్తున్న స్పెషల్ అది. తీసినవాళ్ళు కెవిన్ డీటర్స్, స్టీవీ వెర్మర్స్, ఇద్దరూ 2009 లో ఏబీసీకే "ప్రెప్ అండ్ లాండింగ్" అనే ముచ్చటైన క్రిస్మస్ స్పెషల్ తీసిన జంట, అంటే ఈ పని చేతిలో ఉన్నవాళ్ళే. తీస్తూ ఉండగా పైవాళ్ళకి ఇది టీవీకి తగ్గ సరుకు కాదు, పెద్ద తెరకి తగ్గట్టుంది అనిపించింది. అలా అనిపించిన క్షణమే కొంప మునిగింది. కోకో తీసింది డిస్నీ కిందే ఉన్న పిక్సార్ స్టూడియో. పిక్సార్ సినిమా ముందు ఓ ఐదారు నిమిషాల బుల్లి కథ వెయ్యడం అప్పట్లో ఆనవాయితీ, జనానికి అది అలవాటు, ఇష్టం కూడా. మొదటి టాయ్ స్టోరీ తర్వాత పిక్సార్ సినిమా ఏదీ పిక్సార్ బుల్లి కథ లేకుండా రాలేదు, కోకోనే మొదటిది. అంటే జనానికి ఇష్టమైన చిన్న జంతికని తీసేసి ఆ ప్లేస్‌లో నాలుగింతలున్నది పెట్టారు, అదీ వేరే స్టూడియో సరుకు, అదీ ఎవరూ అడక్కుండా.

మెక్సికోవాళ్ళ కోపానికి ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. 2013 లో ఇదే డిస్నీ, మెక్సికోవాళ్ళ ఆ పండగ పేరు "దియా దె లోస్ మువెర్తోస్" ని ట్రేడ్‌మార్క్ చేసుకుందామని అప్లికేషన్ పెట్టి, జనం దుమ్మెత్తిపోస్తే వెనక్కి తీసుకుంది. మన సంక్రాంతి పేరు ఎవరో కంపెనీవాడు రిజిస్టర్ చేసుకుంటానంటే ఎట్లా ఉంటుంది? ఆ మంట ఇంకా ఆరకముందే, వాళ్ళ ఊరి కథ అని చెప్పి హాలుకి పిలిచి, ముందు మా ఊరి క్రిస్మస్ 21 నిమిషాలు చూడండి అన్నారు.

ఇందులో ఒక తమాషా ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ నాకు చాలా నచ్చింది. ఫ్రోజెన్ మొదటి సినిమా పాటలు రాసిన భార్యాభర్తలు క్రిస్టెన్ ఆండర్సన్ లోపెజ్, రాబర్ట్ లోపెజ్ ఈ ఓలాఫ్‌కి రాయలేదు, వాళ్ళు రాసిన పాట కోకోలో ఉంది, "రిమెంబర్ మీ", తర్వాత దానికి ఆస్కార్ కూడా వచ్చింది. మరి ఓలాఫ్ పాటలెవరు రాశారు? ఎలిస్సా సామ్‌సెల్ అనే ఆవిడ, కేట్ ఆండర్సన్ అనే ఆవిడ కలిసి. ఈ కేట్ ఎవరో కాదు, క్రిస్టెన్ సొంత చెల్లెలు. అంటే ఆ రోజు హాల్లో ముందు చెల్లి పాటలు, తర్వాత అక్క పాట. అక్కచెల్లెళ్ళ కథకి అంతకంటే ఏం కావాలి, అయినా జనం చెల్లి పాటలప్పుడు టాయిలెట్‌కి వెళ్ళొచ్చారు.

సరే కథలోకి వద్దాం. ఫ్రోజెన్ కథ జరిగే అరెండెల్ రాజ్యంలో కోట తలుపులు చాలా ఏళ్ళు మూసి ఉన్నాయి, తెరిచాక ఇదే మొదటి క్రిస్మస్. చెల్లి ఆనా, అక్క ఎల్సా ఊరందరికీ పెద్ద పార్టీ ఏర్పాటు చేస్తారు. గంట మోగుతుంది. గంట మోగగానే జనం అయ్యో టైమైంది అని ఎవరిళ్ళకి వాళ్ళు బయల్దేరతారు, ఒకరింట్లో ఓ వంటకం, ఇంకొకరింట్లో ఓ ఆట, ఎవరి పద్ధతి వాళ్ళకుంది. ఇంత పెద్ద హాల్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ మిగిలిపోతారు, మనింట్లో ఏం చేసేవాళ్ళం అని చూస్తే ఏమీ లేదు. ఎల్సా అది నా వల్లే కదా అని కుమిలిపోతుంది, తన మంచు శక్తికి భయపడి తను గదిలో తలుపేసుకున్న ఏళ్ళన్నీ వాళ్ళకి పండగల్లేని ఏళ్ళే మరి.

ఈ ఒక్క సీన్ కోసమే నేను ఈ స్పెషల్‌ని వెనకేసుకొస్తా. ఎందుకంటే ఫ్రోజెన్ మొదటి సినిమా ఎక్కడ ఆగిందో ఇది సరిగ్గా అక్కడ్నుంచి ఎత్తుకుంది. సినిమాలో తలుపులు తెరుచుకున్నాయి, శుభం. కానీ అన్నేళ్ళు మూసేసిన ఇల్లు తెరిచాక లోపల ఏముంటుంది? దుమ్ము ఉంటుంది, పద్ధతులు ఉండవు. రాజ్యం తిరిగి రావడం తేలిక, పండగ పొద్దున లేచి ముందేం చెయ్యాలో తెలియడం అంత తేలిక కాదు.

మిగతా ఫ్రాంచైజీలు ఏం చేశాయో చూడండి. 2007 లో ష్రెక్ వచ్చాడు, "ష్రెక్ ద హాల్స్", నవ్వొస్తుంది కాదనను, కానీ ష్రెక్‌కి క్రిస్మస్ అంటే ఏంటో తెలీదు, పుస్తకం చూసి నేర్చుకుంటాడు, ఊరోళ్ళంతా వచ్చి ఇల్లు పీకి పందిరేస్తారు, చివర్లో అందరూ ఒకటైపోతారు, ఇదే కథలో క్రిస్మస్ తీసేసి పుట్టినరోజు పెట్టినా నడుస్తుంది. 2009 లో మడగాస్కర్ జంతువులు శాంటా బండిని కూల్చేశాయి. 2011 లో ఐస్ ఏజ్ వాళ్ళు "ఎ మామత్ క్రిస్మస్" తీశారు, అయ్యా మీది మంచుయుగం, క్రీస్తు పుట్టడానికి ఇంకా వేల ఏళ్ళుంది, ఏనుగులు అప్పుడే క్రిస్మస్ చేసేసుకుంటున్నాయేంటి అని అడిగేవాడే లేడు. అందులో మ్యానీ అనే మామత్‌కి వంశపారంపర్యంగా వచ్చిన ఒక క్రిస్మస్ రాయి ఉంటుంది, ఐడియా బాగుందనుకునేలోపే వాడి స్నేహితుడు సిడ్ దాన్ని నాశనం చేస్తాడు, అక్కడ్నుంచి ఉత్తర ధ్రువం పరుగు. 2014 టాయ్ స్టోరీది నాకిష్టమే కానీ అది ఆటల గురించి, పండగ పక్కన గోడ మీద తోరణంలా వేలాడుతూ ఉంటుంది అంతే.

నేనన్న రెండోది 2010 లో ఎన్‌బీసీలో వచ్చిన "కుంగ్ ఫూ పాండా హాలిడే". అది తెలివైంది, క్రిస్మస్ జోలికే పోలేదు, శీతాకాలం విందు అని వాళ్ళ లోకానికి సరిపడే పండగ సృష్టించుకుంది. పో అనే పాండా డ్రాగన్ వారియర్, అంటే ఆ లోకంలో పెద్ద వీరుడు కదా, జేడ్ ప్యాలెస్‌లో పెద్దపెద్ద గురువులకి మహా విందు ఇవ్వాలి, అటు ఊళ్ళో వాళ్ళ నాన్న నూడుల్స్ కొట్టులో ఎప్పట్లాగే మామూలు జనానికి వండి పెడుతుంటాడు, కొడుకు రాలేనంటాడు. పండగ పూట ఆఫీసు పనుంది నాన్నా ఈసారి రాలేను అని ఫోన్ చేసిన ప్రతివాడి కథ అది. మా ఆయన ఆ స్పెషల్ చూస్తూ మధ్యలో లేచి వాటర్ బాటిల్ తెచ్చుకునే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాడు, నేనేం అడగలేదు.

మళ్ళీ ఓలాఫ్ దగ్గరికి. ఓలాఫ్‌కి పట్టుదలొస్తుంది, నేను ఊళ్ళోకెళ్ళి మంచి మంచి పద్ధతులన్నీ పోగేసుకొస్తా అని దుప్పి స్వెన్‌ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరుగుతాడు. తలుపు కొట్టడం, మీరేం చేస్తారు అనడం, వాళ్ళిచ్చింది బండిలో వేసుకోవడం. ఇక్కడే దీని లోపం కూడా ఉంది, ఒప్పుకోవాలి. ఆ పాట మరీ కేటలాగ్ తిరగేసినట్టుంటుంది, ఒక ఇంట్లో క్రిస్మస్, ఇంకో ఇంట్లో యూదుల పండగ హనుకా, ఇంకోచోట ఇంకేదో, ఒక్కొక్కటి రెండు సెకన్లు, అందర్నీ కవర్ చేశాం చూసుకోండి అన్నట్టు. పద్ధతి అంటే బండిలో వేసుకునే వస్తువు అన్నట్టుంటుంది. అయితే కథకి ఆ సంగతి తెలుసు, అందుకే ఆ బండిని తగలబెట్టేస్తుంది. కొట్టు నడిపే ఓకెన్ అనేవాడి ఆవిరిస్నానం సామాను నుంచి నిప్పు అంటుకుని, పోగేసిందంతా బూడిదై, చివరికి ఒక్క ఫ్రూట్ కేక్ మిగులుతుంది, అదీ ఓ డేగ ఎత్తుకుపోతుంది. వాడు అడవిలో మంచులో కూలబడిపోతాడు.

అదే టైంలో ఇంట్లో అటక మీద పాత పెట్టె. అందులో ఆనా చిన్నప్పట్నుంచి అక్క కోసం చేసిన ఓలాఫ్ బొమ్మలు. అక్క తలుపు తియ్యని ఏళ్ళల్లో కూడా ప్రతి క్రిస్మస్‌కీ చేసి తలుపు సందులోంచి ఇచ్చినవి, అక్క ఒక్కటి కూడా పారెయ్యకుండా దాచుకుంది. మాకు పద్ధతి లేదనుకున్నాం, ఉంది, అది వీడే అని. వీడేమో వాళ్ళకోసం ఊరంతా తిరిగి అడవిలో పడి ఉన్నాడు.

మా అమ్మాయికి ఆ డిసెంబర్‌లోనే స్కూల్లో ఒక వర్క్‌షీట్ ఇచ్చారు, మీ ఇంట్లో హాలిడే ట్రెడిషన్ ఏంటో బొమ్మ గీసి ఒక వాక్యం రాసుకురండి అని. అది పెన్సిల్ పట్టుకుని నన్ను చూసింది. నేను వాళ్ళ నాన్నని చూశా. డిసెంబర్‌లో మాకేముంది, దీపావళి అయిపోయింది, సంక్రాంతి రాలేదు, డిసెంబర్‌లో మేం చేసేది కాస్ట్‌కోలో డీల్స్ చూడ్డం. పక్కింటివాళ్ళు చెట్టు పెట్టుకున్నారని ఓ ఏడాది మేమూ చిన్న చెట్టు కొన్నాం, లైట్లేశాం, తర్వాత దాని ముందు ఏం చెయ్యాలో తెలీక ఫోటో దిగాం. దీపావళి రాద్దామంటే "అది అయిపోయింది కదా, ఇప్పుడు చేసేది అడిగారు మా టీచర్" అంది. అచ్చంగా ఓలాఫ్‌లా ఇంటింటికీ వెళ్ళి అడుక్కోవాలి అనిపించింది ఆ రాత్రి. అత్తయ్య సోఫాలోంచే "భోగిపళ్ళు రాయి, నీకు పోశాం కదా" అంది. భోగిపళ్ళా! ఇక్కడ రేగిపళ్ళు దొరక్క క్రాన్‌బెర్రీలు, చాక్లెట్లు కలిపి పోశాం ఆ పిల్ల నెత్తిన, అది మొత్తం పాకుతూ ఏరుకు తింది. సరే, అదే గీసింది. నెత్తి మీద ఎర్ర చుక్కలు పడుతున్నట్టు. టీచర్ దాని కింద స్మైలీ వేసి, ఇది వర్షమా అని రాసింది.

డిసెంబర్ 14 న ఏబీసీలో ఓలాఫ్ వచ్చింది. ఈసారి ఇంట్లో. యాడ్స్‌తో సహా. థియేటర్లో ఏ చోట మాకు కథ గతుకుల్లో పడ్డట్టు అనిపించిందో, అక్కడే యాడ్ పెట్టుకునేలా కుట్టారని అప్పుడు అర్థమైంది, బండి అంటుకుంది, బ్రేక్, నేను లేచి పప్పు కుక్కర్ ఆపొచ్చా, వచ్చేసరికి అడవి. 21 నిమిషాల్లో నాలుగు పాటలంటే మన సినిమాల లెక్కకి ఎక్కువేం కాదు, సోఫాలో అసలు బరువే అనిపించలేదు. థియేటర్లో మంచుముద్ద అన్న అత్తయ్య, పెట్టె తెరిచే సీన్‌కి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అడిగితే "మీ మామయ్య కూడా అంతే, పనికిమాలిన కాగితాలన్నీ దాచేవాళ్ళు" అంది. అదే మనిషి, అదే బొమ్మ, మూడు వారాలే తేడా.

ఇది ఒట్టి యాడ్ అండీ, 2013 లో మొదటి ఫ్రోజెన్‌కీ 2019 లో రెండోదానికీ మధ్య జనం మర్చిపోకుండా వేసిన యాడ్, కొత్త డ్రెస్సుల్లో బొమ్మలు అమ్ముకోడానికి తీసింది, అనేవాళ్ళున్నారు. అవును, యాడే. మా ఇంట్లో ఆ బొమ్మలు కొన్నాం కూడా. రెండో సినిమా తెలుగులో కూడా దిగింది, ఎల్సాకి నిత్యా మేనన్, చిన్నప్పటి ఎల్సాకి మహేశ్ బాబు కూతురు సితార గొంతిచ్చారు, ఇండియాలో ఉన్న మా ఆడపడుచు పిల్లలు తెలుగులోనే చూశారు, వ్యాపారం కాకపోతే అంత దూరం ఎందుకొస్తుంది. కానీ ఈ వాదన చేసేవాళ్ళు పాత స్పెషల్స్‌ని గుళ్ళో విగ్రహాల్లా చూస్తారు, అక్కడే నాకు తేడా వస్తుంది. రుడాల్ఫ్‌కి డబ్బు పెట్టింది జనరల్ ఎలక్ట్రిక్. క్రిస్మస్ అంటే వ్యాపారం అయిపోయిందని బాధపడే చార్లీ బ్రౌన్‌కి స్పాన్సర్ కోకా కోలా. ఈ సరుకు పుట్టిందే అలా. ఎవడి డబ్బుతో తీశారన్నది కాదు, ఆ డబ్బుతో దొరికిన 21 నిమిషాల్లో నిజమైన మాట ఒకటైనా చెప్పారా లేదా అన్నది చూడాలి, పెట్టె తెరిచే సీన్‌లో చెప్పారు.

నా కోపం థియేటర్లో వెయ్యమన్న వాళ్ళ మీదే. టీవీకి తీసింది బాగా కుదిరితే పెద్ద తెరకి ప్రమోషన్ ఇవ్వాలనే బుద్ధి ఉంది చూడండి, చిన్నది బాగుంటే చిన్నదిగానే ఉండనివ్వొచ్చు అని ఎందుకు తోచదు? సున్నుండ బాగుందని దాన్ని గుమ్మడికాయంత చేసి పెడితే ఎవడు తింటాడు. ఇంకా దారుణం, ఒక ఇల్లు తన పద్ధతి వెతుక్కునే కథని, తరతరాల పద్ధతి ఉన్న ఇంటి కథ ముందు నిలబెట్టారు. కోకోలో ఫోటో పెట్టకపోతే పోయినవాళ్ళు గడప దాటి రాలేరు, అంత గట్టి నియమం. దాని ముందు ఫ్రూట్ కేక్ పట్టుకుని మాకూ ఏదైనా పద్ధతి ఇవ్వండి అని తిరిగే మంచుబొమ్మ జోకర్‌లా కనపడక ఏమవుతాడు. రెండిట్నీ విడివిడిగా చూడాలి, వీలైతే ఓలాఫ్‌ని కోకో తర్వాత, మూడు వారాలు ఆగి, ఇంట్లో.

ఆ జనవరిలో అత్తయ్య ఇక్కడే ఉంది కాబట్టి మొదటిసారి బొమ్మల కొలువు పెట్టాం. అట్టపెట్టెలు పేర్చి, మీద పాత పట్టుచీర పరిచి మూడు మెట్లు. సూట్‌కేస్‌లో తను తెచ్చిన కొండపల్లి దశావతారాలు పైన, పెళ్ళికూతురు పెళ్ళికొడుకు మధ్యలో, కింద మెట్టు ఖాళీ. ఏటా ఒక కొత్త బొమ్మైనా చేర్చాలి, ఏముంది మీ ఇంట్లో అని అడిగింది. మా అమ్మాయి పరిగెత్తుకెళ్ళి ప్లాస్టిక్ ఓలాఫ్‌ని తెచ్చింది. అత్తయ్య ఒకసారి వాడిని అటూ ఇటూ తిప్పి చూసి, కింద మెట్టు మీద కూరగాయలబ్బి పక్కన నిలబెట్టింది.

ఇప్పుడా పిల్ల మిడిల్ స్కూల్ అయిపోవస్తోంది, ఫ్రోజెన్ పేరెత్తితే కళ్ళు తిప్పుతుంది. కొలువు మాత్రం అదే పెడుతుంది, ఐదు మెట్లయ్యాయి. పోయినేడు ఓలాఫ్ ముక్కు ఊడి ఎక్కడో పడిపోయింది. వీడియో కాల్‌లో అత్తయ్య లవంగం గుచ్చమంది. లవంగం అయితే నల్లగా ఉంటుంది బాగోదు అని ఇది ఫ్రిజ్‌లోంచి నిజం క్యారెట్ తీసి సన్నగా చెక్కి పెట్టింది, కనుమ నాటికి అది ఎండిపోయి వంకర తిరిగింది, పేరంటానికి వచ్చిన వాళ్ళందరూ వాడికేమైంది అని అడిగారు.